కూడలిలో పూలమడి... బండికి కళ్ళెం!

2023 వేసవిలో మా అమ్మాయి పురుటికని అమెరికాలోని సియాటిల్ వెళ్ళాను. "అక్కడ నీకు పొద్దుపోదు వదినా" అని అందరూ ముందే భయపెట్టారు. పసివాడు పడుకున్నాక బాలింతను కూడా కాస్సేపు కునుకు తియ్యమని, నేను అలా వీధిలో నడిచి వచ్చేదాన్ని. రెండోరోజే ఒక వింత కనబడింది. నాలుగు వీధులు కలిసేచోట, సరిగ్గా నడిరోడ్డు మీద, గుండ్రంగా ఓ పూలమడి! మధ్యలో ఒక చిన్న చెట్టు. ఒక పెద్దావిడ చేతులకు తొడుగులేసుకుని, మోకాళ్ళమీద కూర్చుని కలుపు తీస్తోంది. నాకు నవ్వొచ్చింది. రోడ్డు మధ్య ఈ తోట ఏమిటే అని ఇంటికొచ్చి అడిగితే, "అది తోట కాదమ్మా, ఇక్కడి స్పీడ్ బ్రేకర్" అంది మా అమ్మాయి.

ఆ మాట వినగానే నా గుండె కలుక్కుమంది. ఎందుకో చెబుతాను.

మాది గుంటూరు. బ్రాడీపేట, అరండల్‌పేట తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు... లైన్లు, వాటిని కోస్తూ అడ్డరోడ్లు, అచ్చం చదరంగం పలకే. ఎటు చూసినా కూడళ్ళు. మెయిన్ రోడ్డు రద్దీ తప్పించుకోవడానికి కుర్రాళ్ళు మా లైన్లోంచి బాణాల్లా దూసుకుపోతుంటారు. 2021లో మా అత్తయ్యగారు పొద్దున్నే పాలపాకెట్లకని వెళ్ళి, కూడలిలో మోటారుసైకిలు తగిలి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆర్నెల్లు మంచంలోనే. ఆ కోపంలో లైనంతా చందాలు వేసుకుని, ఒక మేస్త్రీని పట్టుకుని, కూడలికి అటొకటీ ఇటొకటీ తారు దిమ్మెలు పోయించేశాం. జానెడు వెడల్పు, అంతకు తగని ఎత్తు. రంగు లేదు, బోర్డు లేదు.

నెల తిరక్కుండా, పక్కింటి వదినగారి చెల్లెలు పండక్కని ఊరినుంచి వచ్చింది. రాత్రి స్కూటరు వెనక ఒకపక్కకి కూర్చుని వస్తూ ఆ దిమ్మె దగ్గర ఎగిరి పడింది. తలకి ఏడు కుట్లు. ఆ అమ్మాయి నన్నొక్క మాట అనలేదు గానీ, ఇంటింటికీ తిరిగి ఆ దిమ్మెలకు చందా వసూలు చేసింది నేనే!

అందుకే సియాటిల్‌లో ఆ పూలమడి సంగతేమిటో గుచ్చిగుచ్చి అడిగాను. అల్లుడు ఓపిగ్గా ఇంటర్నెట్‌లో వెతికి చదివి వినిపించాడు. ఆ ఊళ్ళోనూ ఇళ్ళ వీధులు చదరంగం పలకలాగానే ఉంటాయి. చాలా కూడళ్ళలో సిగ్నలూ లేదు, ఆగమనే బోర్డూ లేదు. 1970లలో స్టీవెన్స్ అనే పేటలో ముందు ప్రయోగంగా చేసి చూశారు. ఇప్పుడు ఊరంతా కలిపి ఇలాంటి సర్కిళ్ళు వెయ్యికి పైనే. కిటుకు చాలా తేలిక. రోడ్డు తిన్నగా కనుచూపుమేర కనిపిస్తే కాలు దానంతటదే వేగం మీదికి పోతుంది. ఎదురుగా చెట్టు కనిపిస్తే బండి మెల్లగా పక్కకు తిప్పుకుని పోవాల్సిందే. 1991-94 మధ్య కట్టిన సర్కిళ్ళ దగ్గర లెక్కలు తీస్తే, ప్రమాదాలు నూటికి తొంభై పాళ్ళకు పైగా తగ్గాయట.

నాకు నచ్చింది లెక్క కాదు, కట్టే పద్ధతి. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళలో నూటికి అరవై మంది సంతకం పెడితేగానీ కట్టేవారు కాదు. మొక్కలు రెండడుగులు మించి పెరగనివ్వరు, అవతలివైపు చిన్నపిల్ల నిలబడినా డ్రైవరుకు కనబడాలి కదా! చుట్టూ అంచు పల్లంగా పోస్తారు, ఫైరింజన్ వస్తే దాని చక్రం ఎక్కి పోవడానికి. ఇక మొక్కల బాధ్యత ఆ వీధివాళ్ళదే. నేను చూసిన పెద్దావిడ కలుపు తీస్తున్నది అందుకే. 2016లో ఇళ్ళ వీధుల్లో వేగం కూడా గంటకు 25 మైళ్ళ నుంచి 20కి తగ్గించారు. అంటే మన లెక్కలో 32 కిలోమీటర్లు. వేగం సగమైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగోవంతే అవుతుంది. ఇంటర్ సైన్సు చదివిన నాకు ఈ మాట ఎన్నడో తెలిసుండాలి, వంటింట్లో పడి మర్చిపోయాను.

ఏమాటకామాటే చెప్పాలి, అదీ వంకలేనిదేం కాదు. సర్కిల్ చుట్టూ తిరిగే కారు, మనం రోడ్డు దాటే మూలకు దగ్గరగా వచ్చేస్తుంది. మనవడి బండి తోసుకుంటూ దాటేటప్పుడు నాకు రెండుసార్లు గుండె ఝల్లుమంది. వాళ్ళకు కుడివైపు ప్రయాణం కాబట్టి సర్కిల్‌ని ఎడంచేతికి ఉంచి, అప్రదక్షిణంగా తిరుగుతారు. మనకైతే ప్రదక్షిణమే, పుణ్యం కూడా! కాకపోతే మనదగ్గర కూడలి మధ్య గజం జాగా దొరికితే చాలు, తెల్లారేసరికి విగ్రహం లేస్తుంది. మొక్కలు మిగిలితే మేకలు ఊరుకోవు.

మరి మనకు దిమ్మెలే గతా అంటే, దిమ్మెకీ ఓ కొలత ఉందని తిరిగొచ్చాక తెలిసింది. రోడ్డు పనులు చేయించే ఇంజనీరు ఒకాయన మావారి స్నేహితుడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి లెక్క ప్రకారం దిమ్మె 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలట. అంటే రెండు మంచాలు పొడుగ్గా వేసినంత! నేను నోరెళ్ళబెట్టాను. అంత వెడల్పుంటే బండి నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది, 25 కిలోమీటర్ల వేగంలో పోయేవాడికి ఏమీ కాదు, మించి పోయేవాడికే కుదుపు. సన్న దిమ్మె మీద దీనికి అడ్డంగా జరుగుతుంది. జోరుగా పోయేవాడి కుదుపు చాలావరకు చక్రాలూ స్ప్రింగులే మింగేస్తాయి, నెమ్మదిగా పోయేవాళ్ళ నడుములే విరుగుతాయి. బ్రిటన్ రోడ్డు పరిశోధకులు 1970లలోనే ఇది పరీక్ష చేసి చెప్పారట. పైన తెల్లచారలుండాలి, ముందు హెచ్చరిక బోర్డుండాలి. అసలు మనంతట మనం రోడ్డు మీద ఏదీ పోయించకూడదు. ఈ ముక్క చెప్పేటప్పుడు ఆయన నా వంకే చూశాడు లెండి.

పోయిన నెల మా లైన్లో ఆడవాళ్ళం కూర్చుని అర్జీ రాశాం. పాత దిమ్మెలు తీయించి, కొలత ప్రకారం వేయించి, చారలు గీయించమని. అరవై శాతం నియమం మనదగ్గర లేకపోయినా ఇంటింటికీ తిరిగి సంతకాలు అడిగాను. మలుపులో ఇంటాయన, తన కారు గేట్లోకి తిరగదేమోనని ఆలోచిస్తున్నాడు. ఆయన అభ్యంతరంలో న్యాయముంది, కొలిచి చూపించాలి. ముప్ఫై నాలుగు ఇళ్ళలో ఇరవై తొమ్మిది అయ్యాయి.

మా అత్తయ్యగారు వేలిముద్ర వేస్తానన్నారు గానీ, నేనే చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించాను. మిగిలిన అయిదిళ్ళవాళ్ళూ నన్ను చూసి నవ్వి, ఒకే మాట అంటున్నారు: "ముందు మీ అబ్బాయి చేత పెట్టించండి పిన్నిగారూ, ఈ లైన్లో అందరికన్నా జోరుగా పోయేది వాడి బండే."

నిజమే. రెండుసార్లు అడిగాను. రేపు పెడతానంటున్నాడు.