సారా ఉద్యమం అడిగే రెండు చదువులు

మన డిగ్రీ కాలేజీల్లో బీఏ అనగానే ఎక్కువగా వినిపించే పేరు హెచ్‌ఈపీ. చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం అందులో కలిసి ఉంటాయి. సమాజశాస్త్రం చాలాసార్లు బయటే మిగిలిపోతుంది. రాజ్యాంగం, ఎన్నికలు, ప్రభుత్వం ఒకరి చదువు, కులం, కుటుంబం, ఊరు మరొకరి చదువు అన్న ఈ పంపకం టైమ్‌టేబుల్‌కు వీలుగా ఉంటుందేమో గానీ, మన చుట్టూ జరిగేదాన్ని అర్థం చేసుకోవడానికి అక్కరకు రాదు. ఈ రెండు శాస్త్రాలనూ ఒకే విద్యార్థి కలిపి చదవాలి. అలా ఎందుకు చదవాలో తెలుగునేల మీద జరిగిన సారా వ్యతిరేక ఉద్యమమే చెబుతుంది.

1990ల తొలినాళ్ళలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం ఉధృతంగా సాగింది. పగలంతా కూలికి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు రాత్రి కేంద్రాల్లో పలక పట్టారు. అక్షరాలు దిద్దుతూ కష్టసుఖాలు చెప్పుకుంటుంటే, మగవాళ్ళ సంపాదన సారా అంగడికే పోవడం ఏ ఒక్క ఇంటి గోడో కాదని తేలింది. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి మహిళలు సారాను ఊళ్ళోకి రానివ్వకుండా అడ్డుకున్నారు. ఆ కథే వాచకంలో పాఠమై ఊరూరా చేరింది. 1992లో మహిళలు సారా వేలంపాటలనే ఆపించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం హామీ ఇచ్చి గెలిచారు, 1995 జనవరిలో అమల్లోకి తెచ్చారు. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించింది.

రాజనీతిశాస్త్రం ఒక్కటే చదివిన విద్యార్థికి ఇందులో వేలంపాట, ఎక్సైజ్ ఆదాయం, ఎన్నికల హామీ కనిపిస్తాయి. 1980లలో ‘వారుణి వాహిని’ పేరుతో సారా పొట్లాలు సరఫరా చేయించిన ఎన్టీఆరే పదేళ్ళు గడిచేసరికి నిషేధం బాట ఎందుకు పట్టారో మాత్రం అంతుపట్టదు. రాత్రి కేంద్రంలో పుట్టిన ఆడవాళ్ళ బలం ఆ శాస్త్రపు పాఠాల్లో ఎక్కడా దొరకదు. సమాజశాస్త్రం ఒక్కటే చదివినవారికి ఆ బలం అర్థమవుతుంది. కానీ అంత బలమైన ఉద్యమం తెచ్చిన చట్టం మూడేళ్ళు కూడా ఎందుకు నిలవలేదో చెప్పాలంటే ఖజానా లెక్కలు, నిఘా యంత్రాంగం పరిమితులు, పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చిపడే మద్యం, అధికార పార్టీలో మారిన నాయకత్వం తెలియాలి. గెలుపుకు కారణం ఊళ్ళో ఉంది, సడలింపుకు కారణం సచివాలయంలో ఉంది. ఈ రెండు చోట్లనూ కలిపి చూడగలిగినవారికే కథ పూర్తిగా తెలుస్తుంది.

ఇలా చూడటం మనకు కొత్త కాదు. ‘ఓటుబ్యాంకు’ అన్న మాటను 1950లలో వాడుకలోకి తెచ్చింది మైసూరు ప్రాంతపు ఊరిని దగ్గరుండి చూసిన సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేటను పరిశోధించి, 1955లో పుస్తకం వెలువరించారు. అందులో కులం, కుటుంబం ఎంత ఉన్నాయో ఊరి పెత్తనమూ అంత ఉంది.

రెండూ కలిపితే దేనిలోనూ లోతు మిగలదని కొందరు అధ్యాపకుల అభ్యంతరం. అందులో నిజం లేకపోలేదు. రెండు సిలబస్‌లను సగం సగం కోసి పక్కపక్కన పెడితే అదే జరుగుతుంది. కానీ ఒకే ప్రశ్న చుట్టూ చదివితే ఒక పద్ధతి రెండోదాన్ని సరిచూస్తుంది. ప్రభుత్వ ఉత్తర్వు ఏం చెప్పిందో చదివిన విద్యార్థే ఊరికి వెళ్ళి నలుగురినీ అడిగితే, కాగితానికీ బతుక్కీ మధ్య దూరం ఎంతో, ఎందుకో తెలుస్తుంది. సమాజశాస్త్రం చేరితే రాజకీయమంతా కులాల లెక్కగా మిగులుతుందన్నది మరో అభ్యంతరం. అసలు ఆ లెక్క అరకొర చదువు ఫలితం. ఊళ్ళో ఏ కులం ఆధిపత్యం చెలాయిస్తుందో చెప్పడానికి శ్రీనివాస్ జనసంఖ్యతో పాటు భూమిని, చదువును, ఉద్యోగాలను కూడా చూశారు. తలలు లెక్కపెట్టి ఫలితం చెప్పేసే ధోరణికి అసలైన విరుగుడు సమాజశాస్త్రమే.

ఇక ఉద్యోగాల మాట. ఏ డిగ్రీ అయినా దానంతటదే కొలువు తెచ్చిపెట్టదు. అయినా సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్‌లో మొదటి పేపరు భారతీయ సమాజం గురించి కూడా, రెండోది రాజ్యాంగం, పాలన గురించి అడుగుతుంది. 2013 నుంచి ఆప్షనల్ ఒక్కటే కావడంతో అభ్యర్థులు ఈ రెండు శాస్త్రాలనూ కలిపి ఎంచుకోలేరు. రేపు మండలంలో పథకం అమలు చేయాల్సిన అధికారికి మాత్రం రెండూ కావాలి. పత్రికల్లో, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవారికీ అంతే. అందుకే కాలేజీలు కనీసం ఒక సెమిస్టర్‌లోనైనా రెండు విభాగాల విద్యార్థులనూ కలిపి, ఒక పంచాయతీని పరిశోధించే పని అప్పగించాలి. పంచాయతీరాజ్ చట్టం చదివి, గ్రామసభకు వెళ్ళి, అక్కడ ఎవరు మాట్లాడారో, ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో రాయించాలి. దీనికి కొత్త భవనాలు, భారీ నిధులు అక్కర్లేదు, ఇద్దరు అధ్యాపకులు కలిసి కూర్చుంటే చాలు. ప్రజాస్వామ్యంలో బతికే మన పిల్లలకు దాన్ని పూర్తిగా అర్థం చేసుకునే చదువు అందించడం మన విశ్వవిద్యాలయాల బాధ్యత.