బంక కార్చే చెట్టు... దొంగ ఎవరు?

బత్తాయి మొదట్లో తేనెరంగు బంక కనిపించిందంటే రైతు గుండె జారిపోతుంది. కానీ ఆ బంక రోగం కాదు, రోగానికి గుర్తు మాత్రమే. అసలు దోషి ఎవరో తేల్చకుండా మందు కొడితే డబ్బూ పోతుంది, చెట్టూ పోతుంది. ఆ దోషిని పట్టుకోవడం వెనుక నూరేళ్లకు పైబడిన కథే ఉంది.

అయిదారేళ్లు కంటికి రెప్పలా పెంచిన చెట్టు. నీళ్లు కట్టడానికి వెళ్లిన రైతుకు ఒకరోజు మొదలు దగ్గర ఏదో మెరుస్తూ కనిపిస్తుంది. వేలితో తాకితే జిగురు. తుమ్మబంకలా ఉందే అనుకుంటాడు. నాలుగు రోజులకు పెద్ద వాన పడి బంకంతా కడుక్కుపోతుంది. 'పోన్లే, తగ్గిపోయింది' అని ఊరట పడతాడు.

తగ్గలేదు. బెరడు కింద పని జరుగుతూనే ఉంటుంది. కొన్నాళ్లకు ఆకులు పాలిపోతాయి, ఈనెలు పసుపెక్కుతాయి. ఆ ఏడు మాత్రం చెట్టు విరగబూస్తుంది, కొమ్మలు వంగేలా కాస్తుంది. కాయేమో చిన్నది, రసం తక్కువ. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అన్నట్టు చాలా చెట్లకు అదే ఆఖరి కాపు!

అనంతపురం, కడపల్లో చీనీ అన్నా, నల్గొండలో బత్తాయి అన్నా చెట్టు ఒకటే... సాత్‌గుడి. గూడూరు, పొదలకూరు వైపు వెళితే నిమ్మ. ఈ జాతి తోటలు ఉన్న ఏ ఊళ్లోనైనా బంక తెగులు గురించి ఒక కథ వినిపిస్తుంది. వరి దెబ్బతింటే వచ్చే కారుకు మళ్లీ నాటుకోవచ్చు. తోట అలా కాదు. మొక్క నాటి, బోరు వేసి, అప్పు తెచ్చి, కాపు కోసం అయిదేళ్లు ఎదురుచూసిన చెట్టు పోతే ఆ అయిదేళ్లను ఎవరూ వెనక్కి తేలేరు. అందుకే బంక కనిపించగానే రైతు మందుల దుకాణానికి పరుగెత్తుతాడు. 'బంక కారుతోంది, మందివ్వండి' అంటాడు. ఏదో ఒక డబ్బా చేతికొస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

జ్వరం లాంటిదే బంక

మనిషికి జ్వరం వస్తే అది మలేరియా కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు, మామూలు జలుబూ కావచ్చు. బంక కూడా అంతే. బెరడుకు దెబ్బ తగిలినప్పుడు నిమ్మజాతి చెట్టు తనను తాను కాపాడుకోవడానికి చేసుకునే ఏర్పాటు అది. బెరడుకూ చెక్కకూ మధ్య ఉండే లేత కణాలు కరిగి జిగురుగా మారతాయి. ఆ దెబ్బ పురుగు తొలిచిన రంధ్రం కావచ్చు. మండుటెండకు కాలిన బెరడు కావచ్చు. రాగి ధాతువు లోపించినా లేత కొమ్మల్లో బంక తిత్తులు కడతాయి. పాత తోటల్లో వైరస్ వల్ల బెరడు పొలుసులుగా ఊడి, బంక కారే సోరోసిస్ అనే జబ్బూ ఉంది. కొన్ని రకాల బూజులు కొమ్మల మీదా బంక పుట్టిస్తాయి.

అయితే నేలకు దగ్గరగా, మొదలు చుట్టూ కారే బంక వెనుక ఎక్కువగా ఉండేది ఒక్క కుటుంబమే. దాని పేరు ఫైటోఫ్తోరా. గ్రీకులో 'మొక్కల్ని నాశనం చేసేది' అని అర్థం. జర్మనీ శాస్త్రవేత్త డిబారీ 1876లో ఆ పేరు పెట్టాడు. ఐర్లండ్‌లో 1845 నుంచి బంగాళాదుంప పంటను కుళ్లబెట్టి, పది లక్షల మంది ప్రాణాలు తీసిన కరవుకు కారణమైంది ఈ కుటుంబంలోనిదే.

దీవిని ముంచిన తెగులు

ఐర్లండ్ కరవుకు కాస్త ముందే ఈ కుటుంబం నారింజ తోటల మీదా పడింది. అట్లాంటిక్ మహాసముద్రంలో పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవులున్నాయి. 19వ శతాబ్దంలో అక్కడి సావో మిగెల్ దీవి నుంచి ఓడల కొద్దీ నారింజలు లండన్‌కు వెళ్లేవి. 1830, 1840 దశకాల్లో అక్కడి చెట్ల మొదళ్లు బంక కార్చడం మొదలైంది. తోటలకు తోటలే ఎండిపోయాయి. కొన్ని దశాబ్దాల్లో ఆ తెగులు మధ్యధరా సముద్రతీర దేశాలన్నిటికీ పాకింది. చివరికి సావో మిగెల్ రైతులు నారింజను వదిలి అనాస, తేయాకు వైపు మళ్లాల్సి వచ్చింది.

కారణం తెలియకపోయినా రైతులు ఒకటి గమనించారు. పుల్ల నారింజ మొక్క మీద తీపి నారింజను అంటుకడితే మొదలు కుళ్లడం లేదు! అంటుమొక్కలు నిమ్మజాతి తోటల్లో అంతగా పాతుకుపోవడానికి ఈ తెగులే పెద్ద కారణం.

1913... రెండు చోట్ల రెండు ఆధారాలు

దోషి ఆచూకీ మొదట చెట్టు మీద కాదు, కాయ మీద దొరికింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో కోసిన నిమ్మకాయలు గోదాముల్లో గోధుమరంగుకు తిరిగి కుళ్లిపోయేవి. రాల్ఫ్ స్మిత్, ఎలిజబెత్ స్మిత్ అనే శాస్త్రవేత్తలు 1906లో ఆ కుళ్లుకు కారణమైన జీవిని వర్ణించి పేరు పెట్టారు. అదే ఇప్పుడు ఫైటోఫ్తోరా సిట్రోఫ్తోరా.

మరి చెట్టు మొదట్లో బంక? దాని సంగతి 1913లో హోవర్డ్ ఫాసెట్ తేల్చాడు. కాయను కుళ్లబెట్టే ఆ జీవే నిమ్మచెట్టు బంకకూ కారణమని ప్రయోగం చేసి చూపించాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. బంకకు కారణం ఒక్కటే కాదు, రెండు ఉన్నాయని! బోట్రైటిస్ అనే వేరే బూజు కూడా బంక పుట్టించగలదని రుజువు చేశాడు. గుర్తు ఒకటే, దోషులు ఇద్దరన్న సంగతి అలా నూరేళ్ల కిందటే బయటపడింది.

సరిగ్గా అదే ఏడాది మన దేశంలో, బీహార్‌లోని పూసా పరిశోధన కేంద్రంలో జె.ఎఫ్.దస్తూర్ ఆముదం మొక్కల తెగులును పరిశీలిస్తూ ఇంకో రకాన్ని కనుగొన్నాడు. దానికి ఫైటోఫ్తోరా పారాసిటికా అని పేరు పెట్టాడు. ఇండోనేసియాలో 1896లోనే పొగాకు మీద కనిపించిన నికోటియానే రకం, ఇదీ ఒకటేనని తర్వాత తేలింది. మన నిమ్మజాతి తోటల్లో బంక వెనుక ప్రధానంగా కనిపించే పేర్లలో ఇది ఒకటి. అంటే పొగాకునూ, ఆముదాన్నీ, బత్తాయినీ పట్టి పీడించేది ఒకే జీవి అన్నమాట. దీనికి చుట్టమైన పామివోరా కూడా తోటల్లో కనిపిస్తుంది. కోస్తాలో కొబ్బరి మొవ్వు కుళ్లబెట్టేది ఆ పామివోరానే.

బూజులా ఉంటుంది... బూజు కాదు

చూడ్డానికి ఫైటోఫ్తోరా అచ్చం బూజులాగే దారాలు దారాలుగా పెరుగుతుంది. చాలాకాలం శాస్త్రవేత్తలు కూడా బూజుల లెక్కలోనే వేశారు. కానీ దాని వంశం వేరు. బూజుల కణాల గోడల్లో కైటిన్ ఉంటుంది. దీని గోడల్లో ప్రధానంగా ఉండేది మొక్కల్లో ఉండే సెల్యులోజ్ లాంటి పదార్థాలు. సముద్రంలో పెరిగే గోధుమరంగు నాచుకు ఇది దగ్గరి బంధువు.

నీటి వంశం కాబట్టి నీరే దీని బలం. తడి నేలలో ఇది చిన్న చిన్న తిత్తులు కడుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ తిత్తి అచ్చం బుల్లి నిమ్మకాయలా ఉంటుంది! పాదులో నీళ్లు నిలిచాయా, తిత్తి పగిలి అందులోంచి విత్తనాల్లాంటివి బయటికొస్తాయి. ఒక్కోదానికి రెండేసి తోకలుంటాయి. వేళ్ల నుంచి ఊరే రసం జాడ పట్టుకుని అవి ఈదుకుంటూ వెళతాయి. బెరడుకు చిన్న పగులు దొరికితే చాలు, లోపలికి దూరిపోతాయి. పరిస్థితి అనుకూలించకపోతే మందపాటి గోడ కట్టుకుని నేలలోనే ఏళ్ల తరబడి నిద్రపోతాయి.

ఆకు ముక్కే ఎర

ఇంతటి టక్కరిని పట్టుకోవడం ఎలా? బాగా కుళ్లిన చోట వెతికితే దొరకదు. అక్కడ పని ముగించుకుని ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. మంచి బెరడు, చెడిన బెరడు కలిసే అంచు దగ్గర ముక్క తీయాలి. ప్రయోగశాలలో ఆ ముక్కను శుభ్రంగా కడిగి, మొక్కజొన్నపిండితో చేసిన అగార్ మీద ఉంచుతారు. అందులో బ్యాక్టీరియాను ఆపే యాంటీబయాటిక్స్‌తో పాటు అసలు బూజుల్ని అణచే మందు కూడా కలుపుతారు. ఫైటోఫ్తోరా బూజు కాదు కాబట్టి ఆ మందును తట్టుకుని పెరుగుతుంది. అలా దాని వంశమే దాన్ని పట్టిస్తుంది.

మట్టిలో దాగి ఉంటే ఎర వేస్తారు. మట్టిని నీళ్లలో కలిపి, పైన నిమ్మజాతి ఆకు ముక్కలు తేలేలా వదులుతారు. రెండు మూడు రోజుల్లో తోకలున్న ఆ కణాలు ఈదుకొచ్చి ఆకు అంచుల్ని పట్టుకుంటాయి. 1973లో గ్రిమ్, అలెగ్జాండర్ అనే శాస్త్రవేత్తలు ఈ ఆకు ముక్కల పద్ధతిని వివరించారు. ఇప్పుడు పీసీఆర్ పరీక్షతో డీఎన్ఏ చదివి ఏ రకమో కచ్చితంగా చెప్పగలుగుతున్నా, ఆకు ఎర ఇప్పటికీ పనికొస్తూనే ఉంది.

ఇంకో మెలిక ఉంది. కుళ్లిన బెరడులో ఫ్యుజేరియం లాంటి బూజులు కూడా దొరుకుతాయి. దొంగతనం జరిగిన ఇంట్లో కనిపించిన వాళ్లంతా దొంగలు కారు కదా! క్షయ క్రిమిని 1882లో బయటపెట్టిన రాబర్ట్ కోచ్ పేరుతో ఉన్న సూత్రాలనే ఇక్కడా పాటిస్తారు. దొరికిన జీవిని విడిగా పెంచి, ఆరోగ్యంగా ఉన్న మొక్క బెరడుకు ఎక్కించాలి. అక్కడా అదే రోగం రావాలి. ఆ రోగం లోంచి మళ్లీ అదే జీవి దొరకాలి. అప్పుడే నేరం రుజువైనట్టు.

పేరు తెలిస్తే ఏం లాభం?

లాభం డబ్బాలో ఉంది. రైతులు ఎక్కువగా వాడే కార్బెండజిమ్ చాలా బూజుల మీద పనిచేస్తుంది. ఫైటోఫ్తోరాను మాత్రం ఏమీ చేయలేదు! దానికి పనిచేసే మెటలాక్సిల్, ఫోసెటిల్ అల్యూమినియం ఫ్యుజేరియం జోలికి పోవు. అంటే దోషి ఫైటోఫ్తోరా అయినప్పుడు కార్బెండజిమ్ పోసినా, దోషి ఫ్యుజేరియం అయినప్పుడు మెటలాక్సిల్ పోసినా ఫలితం ఒక్కటే... ఖర్చు మిగులుతుంది, చెట్టు మిగలదు. పైగా ఒకే మందును పదే పదే వాడితే ఫైటోఫ్తోరా దానికి లొంగకుండా తయారవుతుంది.

రెండింటి మీదా కొంత తేడా కంటికే కనిపిస్తుంది. ఫైటోఫ్తోరా అయితే బంక నేలకు దగ్గరగా మొదలవుతుంది. బెరడు గీకితే లోపల గోధుమరంగు. పీచు వేరును వేళ్ల మధ్య లాగితే పైతొక్క ఊడొచ్చి సన్నటి నార మిగులుతుంది. ఫ్యుజేరియం వల్ల వచ్చే వేరుకుళ్లులో సాధారణంగా బంక కారదు. లావు వేళ్ల చెక్క నల్లబారి గట్టిగా ఉంటుంది. ఆకులు హఠాత్తుగా వాడి, చెట్టుకే వేలాడుతూ ఎండిపోతాయి. ఇవి అనుమానానికి పనికొస్తాయి. తీర్పు మాత్రం ప్రయోగశాలదే.

నమూనా పంపేటప్పుడు మంచి, చెడు కలిసిన అంచు బెరడుతో పాటు చెట్టు నీడలో జానెడు లోతున తడి మట్టి, పీచు వేళ్లు తీయాలి. మందు కొట్టక ముందే తీయాలి. ప్లాస్టిక్ సంచిలో కట్టి నీడన ఉంచాలి. ఎండలోనూ, ఫ్రిజ్‌లోనూ పెట్టకూడదు. తిరుపతి, వెంకటగిరి దగ్గరి పెట్లూరు, నల్గొండ జిల్లా కొండమల్లేపల్లిల్లో ఈ పంటల పరిశోధన కేంద్రాలున్నాయి. నాగపూర్‌లో కేంద్ర సంస్థే ఉంది.

నీళ్లు చెట్టుకు... మొదలుకు కాదు

దోషి నీటిలో ఈదుతుందని తెలిశాక కాపలా ఎక్కడ పెట్టాలో కూడా తెలుస్తుంది. మొదలు చుట్టూ మట్టి ఎగదోసి గట్టు కట్టి, దాని అవతల పాదు చేయాలి. నీళ్లు బయటి పాదులోనే ఉండాలి, కాండాన్ని తాకకూడదు. ఒక చెట్టు పాదులోంచి ఇంకో చెట్టు పాదులోకి నీళ్లు పారించడమంటే తెగులును చేయిపట్టి నడిపించడమే. డ్రిప్ ఉన్నవాళ్లు కూడా గొట్టాన్ని కాండానికి దూరంగా జరపాలి. కలుపు తీసేటప్పుడు పార, ట్రాక్టరు మొదలుకు తగలకుండా చూసుకోవాలి.

మొక్క కొనేటప్పుడే సగం యుద్ధం గెలవొచ్చు. అంటు నేలకు తొమ్మిది అంగుళాలకు తగ్గకుండా ఎత్తున ఉండాలి. నాటేటప్పుడు ఆ అంటు మట్టిలో పూడకూడదు. వేరుమూలం జంబేరి అయితే ఈ తెగులుకు తేలిగ్గా లొంగుతుంది. మన సాత్‌గుడికి రంగపూర్ నిమ్మ వేరుమూలాన్ని సిఫార్సు చేయడానికి అదీ ఒక కారణం. తక్కువ ధరకు దొరికే నర్సరీ మొక్క వేళ్లలోనే తెగులు తోటలోకి అడుగుపెట్టే ప్రమాదం ఉంది.

ఇక పాత మందు ఒకటుంది... బోర్డో పేస్టు. ఫ్రాన్స్‌లో 1885లో మిలార్డే ద్రాక్షతోటల కోసం రూపొందించిన బోర్డో మిశ్రమానికి ఇది చిక్కటి రూపం. అప్పుడు ద్రాక్షను పీడించిందీ ఫైటోఫ్తోరా చుట్టమే! కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. ఇనుప పాత్రల్లో కలపకూడదు. చెడిన బెరడును గీకి తీసేసి, వానలకు ముందూ తర్వాతా మొదలుకు రెండు మూడడుగుల ఎత్తు వరకూ పూయాలి. గీకిన ముక్కల్ని పాదులో వదలకుండా తగలబెట్టాలి.

అజోర్స్ రైతులకు బంక ఎందుకు కారుతోందో చెప్పేవాళ్లు లేరు. తోటలు పోయాక ఏడు దశాబ్దాలకు గానీ సమాధానం దొరకలేదు. ఇవాళ చీనీ రైతుకు ఆ ఇబ్బంది లేదు. బంక కనిపించిన రోజునే గుప్పెడు మట్టి, చిన్న బెరడు ముక్క తీసి పరీక్షకు పంపితే చాలు. ఆ తర్వాత దుకాణానికి వెళ్లినప్పుడు 'బంకకు మందివ్వండి' అనక్కర్లేదు. ఏ మందు కావాలో పేరు పెట్టి అడగొచ్చు.