జంతికల గొట్టంలో బంకమన్ను

కుమ్మరి సారె గొప్ప యంత్రమే కానీ దానికో పట్టుదల ఉంది. తన మీద పుట్టేదేదైనా గుండ్రంగానే ఉండాలంటుంది. కుండ, కూజా, ప్రమిద, పూలకుండీ వరకూ పేచీ లేదు. కప్పుకి చెవి కావాలన్నా, నలుచదరపు గొట్టం కావాలన్నా, మూరల కొద్దీ ఒకే మందంలో మట్టి తాడు కావాలన్నా సారె చేతులెత్తేస్తుంది. సారె మీద పట్టనంత పెద్ద తొట్టిని మట్టి తాళ్లు ఒకదాని మీద ఒకటి చుట్టి లేపాలి. ఆ తాళ్లను అరచేతుల కింద దొర్లించి చేస్తే ఒక చోట లావు, ఒక చోట సన్నం. పైగా సగం పనయ్యేసరికి మొదట చేసిన తాళ్లు బిరుసెక్కిపోతాయి.

దీనికి జవాబు వంటింట్లోనే ఉంది. జంతికల గొట్టంలో పిండి పెట్టి నొక్కితే కింది బిళ్ళకు ఏ ఆకారంలో చిల్లుంటే ఆ ఆకారంలో పిండి దిగుతుంది. పిండికి బదులు బంకమన్ను పెట్టి, గొట్టాన్ని కాస్త పెద్దది చేస్తే అదే క్లే ఎక్స్‌ట్రూడర్. ఈ పద్ధతికి చరిత్ర ఉంది. 1797లో జోసెఫ్ బ్రామా అనే ఆంగ్లేయుడు సీసాన్ని ఇలా తోసి గొట్టాలు చేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. 1840లలో ఇంగ్లండు పొలాల కింద నీరు తీసేందుకు వేసిన మట్టి గొట్టాలను ఇలాంటి యంత్రాలతోనే చేశారు. ఈ రోజు మనం కొనే వైర్ కట్ ఇటుక కూడా డై అనే చిల్లు బిళ్ళ లోంచి పొడవాటి దిమ్మెగా వచ్చి తీగతో తెగినదే.

చిన్న ఎక్స్‌ట్రూడర్‌ను ఇంట్లో చేసుకోవడం కష్టం కాదు. గొట్టం, లోపల దిగే ముషలకం, కింద డై, పైన నొక్కే పిడి: భాగాలు నాలుగే. చేసినవాళ్లలో చాలామందికి ఎదురయ్యే చిక్కు ఒకటే, శక్తంతా పెట్టి నొక్కినా మన్ను దిగదు. అందుకే పని మొదలుపెట్టే ముందు వేసుకోవలసిన ప్రశ్న, మనం పెట్టే బలం ఎక్కడెక్కడ ఖర్చవుతోంది అని. ఆ లెక్క తెలిస్తే గొట్టం ఎంత ఉండాలో, డై ఎలా ఉండాలో దానంతట అదే తేలుతుంది.

మన్ను ఎందుకు పారుతుంది, ఎందుకు ఆగుతుంది

బంకమన్నులో ఉండేవి గుండ్రటి రేణువులు కావు, పలకలు. కేయొలినైట్ అనే ఖనిజం తీసుకుంటే ఒక్కో పలక వెడల్పు సుమారుగా మిల్లీమీటరులో వెయ్యో వంతు. మందం అందులో పదో వంతు. పలకల మధ్య పలుచటి నీటి పొర ఉంటుంది. ఆ పొర వాటిని ఒకదాని మీద ఒకటి జారనిస్తుంది, అదే సమయంలో విడిపోకుండా పట్టి ఉంచుతుంది.

దీనివల్ల మన్నుకు ఒక విచిత్ర గుణం వచ్చింది. ఒక హద్దు వరకు ఎంత నొక్కినా ఘనపదార్థంలా కదలదు. హద్దు దాటగానే ద్రవంలా పారుతుంది. ఒత్తిడి తీసేస్తే ఉన్నచోటే, ఉన్న ఆకారంలోనే ఆగిపోతుంది. ఎక్స్‌ట్రూడర్ పని చేయడానికి ఈ గుణమే ఆధారం. నీళ్లు డై దాటాక ఆకారం నిలుపుకోలేవు. తడి ఇసుకను నొక్కితే నీరు ముందు కారిపోయి, రేణువులు ఒకదానికొకటి అడ్డుపడి బిగుసుకుంటాయి. బంకమన్ను మాత్రం డైలో పారి, డై దాటగానే నిలబడుతుంది.

బలం లెక్క

లోపలి వ్యాసం 8 సెం.మీ., పొడవు 30 సెం.మీ. ఉన్న గొట్టం తీసుకుందాం. అడ్డకోత వైశాల్యం సుమారు 50 చదరపు సెం.మీ. మీటరు పొడవున్న పిడికి ఒక చివర ఇరుసు పెట్టి, ఇరుసుకు 10 సెం.మీ. దూరంలో ముషలకం కాడను తగిలిస్తే బలం పది రెట్లవుతుంది. రెండో చివర 20 కిలోల బరువుతో వాలితే ముషలకం మీద 200 కిలోలు పడతాయి. 200ని 50తో భాగిస్తే చదరపు సెం.మీ.కు 4 కిలోలు. మెత్తటి మన్నుకు ఇది చాలు. అదే బలాన్ని 6 సెం.మీ. గొట్టం మీద పెడితే వైశాల్యం 28కి తగ్గి ఒత్తిడి 7 కిలోలకు చేరుతుంది. మొదటిసారి చేసేవాళ్లు లావు గొట్టం మీద మోజు పడకూడదు అనేది ఇందుకే.

ఇక ఖర్చు. బలం మూడు చోట్ల పోతుంది. మొదటిది గొట్టం గోడ. 8 సెం.మీ. వ్యాసం, 30 సెం.మీ. పొడవున్న మన్ను గోడను తాకే వైశాల్యం సుమారు 750 చదరపు సెం.మీ., అంటే అడ్డకోతకు 15 రెట్లు. మన్ను అంత మేరా గోడకు రాచుకుంటూ కదలాలి. గొట్టం నిండుగా ఉన్నప్పుడు పిడి కదలనని మొరాయించి, సగం ఖాళీ అయ్యాక తేలిగ్గా దిగడానికి కారణం ఇదే. గొట్టం పొట్టిగా ఉంచడం, లోపల వంటనూనె పల్చగా రాయడం దీనికి మందు.

రెండోది, లావు మన్నును సన్నం చేయడం. ఇక్కడ ఊహకు అందని సంగతి ఒకటుంది. 8 సెం.మీ. మన్నును 4 సెం.మీ. కడ్డీగా దింపడం కంటే 1 సెం.మీ. తాడుగా దింపడం ఎన్ని రెట్లు కష్టం? రంధ్రం వైశాల్యం 16 రెట్లు తగ్గింది కాబట్టి శ్రమ 16 రెట్లు అనిపిస్తుంది. నిజానికి ఒత్తిడి వ్యాసాల నిష్పత్తి లాగరిథమ్‌ను బట్టి పెరుగుతుంది. రెండుకు లాగరిథమ్ ఎంతో, ఎనిమిదికి దానికి సరిగ్గా మూడింతలు. అందుకని ఈ పద్దు కింద పడే శ్రమ మూడు రెట్లే. సన్నటి తాడు తీయడం అసాధ్యమేమీ కాదు.

మూడోది డై మందం. చిల్లు ఎంత సన్నమైతే, దాని గోడ ఎంత పొడవైతే అంత రాపిడి. తాడు తీసే డైకి 5, 6 మి.మీ. మందం చాలు.

పిడి బలాన్ని పది రెట్లు చేస్తుంది కానీ, కదలికను పదో వంతుకు కోసేస్తుంది. చేయి 60 సెం.మీ. దిగితే ముషలకం 6 సెం.మీ. మాత్రమే దిగుతుంది. 30 సెం.మీ. గొట్టానికి కనీసం అయిదు దఫాలు పడుతుంది. అందుకే ముషలకం కాడకు 5 సెం.మీ.కి ఒకటి చొప్పున బెజ్జాలు వేసి, ప్రతి దఫాకూ మేకును పై బెజ్జంలోకి మార్చుకునే ఏర్పాటు చేస్తారు. ఒకసారి నింపితే పట్టేది మూడు కిలోల లోపు మన్ను. దాంతో 1 సెం.మీ. తాడు 19 మీటర్లు వస్తుంది.

ఏ గొట్టం, ఏ బలం

బోరు వేసిన రైతుకు పీవీసీ పైపుల లెక్క చెప్పక్కర్లేదు. నాలుగు కేజీల పైపు, ఆరు కేజీల పైపు, పది కేజీల పైపు అని దుకాణాల్లో అడిగేది చదరపు సెం.మీ.కు అది తట్టుకునే ఒత్తిడినే. మనకు వచ్చేది 4 కిలోలైతే 10 కిలోల పైపు వాడడం వివేకం. మురుగునీటికి వాడే పల్చటి పైపు పనికిరాదు, అది ఒత్తిడి కోసం చేసింది కాదు.

పిడికి బదులు కారు కింద పెట్టే 2 టన్నుల బాటిల్ జాక్ వాడదామని చాలామందికి తోస్తుంది. లెక్క చూడండి. 2000 కిలోలను 50తో భాగిస్తే చదరపు సెం.మీ.కు 40 కిలోలు. పది కేజీల పైపు కూడా పగిలి ముక్కలు ఎగిరే ప్రమాదం ఉంది. జాక్ వాడాలంటే ఇనుప గొట్టమే వాడాలి. 4 మి.మీ. మందం ఉన్న 8 సెం.మీ. ఇనుప గొట్టం గోడలో అప్పుడు పుట్టే తన్యత చదరపు సెం.మీ.కు 400 కిలోలు. మామూలు ఇనుము సుమారు 2500 వరకు సాగకుండా ఆగుతుంది కాబట్టి భయం లేదు. ఏ గొట్టమైనా కళ్లద్దాలు పెట్టుకుని పని చేయాలి.

మరో ముఖ్య విషయం, డైని గొట్టానికి వేలాడదీయకూడదు. ముషలకం మీద పడిన 200 కిలోలలో గోడ రాపిడికి పోయింది పోగా మిగిలిందంతా డై మీదే పడుతుంది. జిగురుతో అతికించిన మూత ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది. యాంగిల్ ఇనుముతో చట్రం చేసి, దాని అంచు మీద డైని కూర్చోబెట్టి, డై మీద గొట్టాన్ని నిలపాలి. చట్రాన్ని గోడకో, బలమైన గుంజకో బోల్టులతో బిగించాలి. ముషలకానికి ప్లైవుడ్ బిళ్ళ చాలు. గొట్టానికీ దానికీ మధ్య 1 మి.మీ. ఖాళీ వదిలి, కింద తోలు వాషర్ బిగిస్తే మన్ను పైకి ఎగదన్నదు.

డైలో ఉన్న కిటుకు

డైని అల్యూమినియం రేకుతోనో, వంటింట్లో కూరగాయలు తరిగే ప్లాస్టిక్ పలకతోనో చేసుకోవచ్చు. మన్ను ప్రవేశించే వైపు చిల్లు అంచును గరాటులా ఏటవాలుగా రుద్దాలి. బయటికి వచ్చే వైపు అంచు పదునుగా ఉంచాలి.

చదరపు చిల్లులో మధ్యన మన్ను త్వరగా, మూలల్లో నెమ్మదిగా కదులుతుంది. మూలల్లో రెండు గోడల రాపిడి కలుస్తుంది కదా. నెమ్మదిగా వచ్చే అంచును త్వరగా వచ్చే నడుము లాగుతుంది, అంచు రంపపు పళ్లలా చిరుగుతుంది. మూలలను కాస్త గుండ్రం చేయాలి, డైకి నూనె రాయాలి, మన్ను ఇంకొంచెం మెత్తగా కలపాలి. పట్టీ తీసే చిల్లు ఒక పక్క మందంగా, ఒక పక్క సన్నంగా ఉంటే మందపు పక్క త్వరగా వచ్చి పట్టీ సన్నపు పక్కకు వంగుతుంది. వంపు ఎటు ఉందో చూస్తే ఆకురాయి ఎక్కడ వేయాలో తెలిసిపోతుంది.

బోలుగా ఉండే గొట్టం తీయడం అసలైన పరీక్ష. చిల్లు మధ్యలో ఒక దిమ్మ నిలబడాలి, దాన్ని పట్టుకోవడానికి డై వెనక ఒక వంతెన ఉండాలి. యూ ఆకారపు బోల్టు ఇందుకు చక్కగా సరిపోతుంది. మన్ను వంతెన దగ్గర రెండుగా చీలి, దాన్ని దాటాక మళ్లీ కలుసుకోవాలి. మన్ను గట్టిగా ఉంటే అతుకు సరిగా పడదు. అప్పటికి కనబడదు, ఆరేటప్పుడు నిలువునా పగులుతుంది. వంతెనను డైకి 3, 4 సెం.మీ. వెనక్కి జరిపి, మన్ను మెత్తగా కలిపితే చీలిన పాయలు ఒకటయ్యే వ్యవధి దొరుకుతుంది.

కార్ల పొగగొట్టంలో ఉండే కెటలిటిక్ కన్వర్టర్ లోపలి తేనెపట్టు పుట్టింది కూడా ఇలాగే. 1970లలో అమెరికాలోని కార్నింగ్ సంస్థ ఇంజినీర్లు మట్టి, టాల్క్, అల్యూమినా కలిపిన ముద్దను డై లోంచి తోసి దాన్ని చేశారు. డై వెనక వైపు విడివిడి రంధ్రాలు, ముందు వైపు గళ్ల చీలికలు. పాయలుగా వెళ్లిన ముద్ద చీలికల్లో కలుసుకుని గోడలవుతుంది. చదరపు అంగుళానికి 400 గదులు అక్కడ మామూలు మాట.

సగం యంత్రం మన్నే

ఎక్స్‌ట్రూడర్‌లో పెట్టే మన్నులో రాళ్లుండకూడదు. చిన్న గులకరాయి చాలు, డై అంచులో ఇరుక్కుని తాడు పొడవునా గీత పెడుతుంది. మన్నును నీళ్లలో కలిపి, జల్లెడ పట్టి, తేరుకున్నాక బాగా పిసకాలి. చిటికెన వేలంత తాడు చేసి వేలికి చుడితే పగలకూడదు. పగిలితే నీరు చాలలేదన్నమాట.

గొట్టంలో ముద్దలు ముద్దలుగా కూరకూడదు. సందుల్లో గాలి చిక్కుతుంది. 4 కిలోల ఒత్తిడిలో ఆ గాలి అయిదో వంతుకు నలిగి, డై దాటగానే ఒక్కసారిగా వ్యాకోచించి ఠప్పున పగులుతుంది. గొట్టానికి సరిపడే ఒకే స్తంభంగా మన్నును చేసి దించాలి. నొక్కి మధ్యలో వదిలేసి వెళ్లడం కూడా మంచిది కాదు. నీరు మెల్లగా ముందుకు జారి, వెనక మిగిలిన మన్ను గట్టిపడుతుంది.

మన ప్రాంతాల నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ ఎక్కువ. అది పొరల మధ్యకు నీటిని లాక్కుని ఉబ్బుతుంది, ఆరేటప్పుడు విపరీతంగా కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. నల్లరేగడి ఒక్కటే వాడకుండా చెరువు ఒండ్రు, సన్నగా జల్లించిన కుండపెంకుల పొడి కలపాలి.

డైలోంచి వచ్చేటప్పుడు మన్నులోని పలకలు పారే దిక్కుకు వరుస తీరుతాయి. అందువల్ల ఆరేటప్పుడు మన్ను పొడవునా తక్కువ, అడ్డంగా ఎక్కువ కుంచించుకుపోతుంది. ఒక పక్క ముందే ఆరితే వంకర తప్పదు. బోలు గొట్టాలను నిలువుగా నిలబెట్టి, తాళ్లను, పట్టీలను చదునైన బల్ల మీద పరిచి, తడిగుడ్డ కప్పి నెమ్మదిగా ఆరనివ్వాలి. ఎండిన మన్నును గరుకు కాగితంతో రుద్దకండి. ఆ ధూళిలోని సిలికా ఊపిరితిత్తులకు హానికరం. తడి స్పాంజితో నునుపు చేసుకోవచ్చు.

ఈ విద్య పాతబడిపోలేదు. ఇటలీలో 2021లో టెక్లా అనే ఇంటిని స్థానిక మట్టితో త్రీడీ ప్రింటర్ల సాయంతో కట్టారు. ఆ ప్రింటర్ చేసే పని కూడా నాజిల్ లోంచి మట్టి ముద్దను తోసి వరుస మీద వరుస పేర్చడమే.

మొదలుపెట్టే వాళ్లకు ఒక మాట. నేరుగా పెద్ద యంత్రం జోలికి వెళ్లకండి. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే సిలికాన్ గన్‌లో ఖాళీ గొట్టం పెట్టి, మెత్తటి మన్నుతో సన్నటి తాడు తీయండి. మన్నులో నీరు ఎంతుంటే ఎలా వస్తుందో చేతికి తెలిశాక పిడి గొట్టం చేయండి, బోలు డై చివర్లో పెట్టుకోండి. బడిలో సైన్సు చెప్పే టీచర్లు ఒత్తిడి, మీట, రాపిడి పాఠాలు మూడింటినీ ఈ ఒక్క పరికరంతో చూపించవచ్చు. పిడి దిగకపోతే మాత్రం ఇంకా పెద్ద జాక్ కోసం వెతక్కండి. ముందు మన్ను మెత్తగా కలిపి, గొట్టానికి నూనె రాసి చూడండి. చాలాసార్లు మరమ్మతు అక్కడితోనే పూర్తవుతుంది.