కారులోని చలువయంత్రము: మరమ్మతా? మార్పా?

వైశాఖమాసపు ఎండలో పళ్ళిపట్టునుండి తిరుత్తణికి కారులో పోవు వృద్ధులకును, పసిబిడ్డలకును ఏ.సి. విలాసవస్తువు కాదు. అది చల్లదనము నీయనప్పుడు గ్యాసు నింపిన చాలునని ఒకరు, అంతయు మార్చవలెనని వేరొకరు చెప్పుదురు. ఏది యుక్తమో తెలియుటకు యంత్రము పనిచేయు తీరు నెఱుగవలెను.

కంప్రెసరు గ్యాసును అదిమి వేడెక్కించును. కండెన్సరు ఆ వేడిని బయటిగాలికి విడిచి, దానిని ద్రవముగా మార్చును. ఆ ద్రవము ఎవాపరేటరులో ఆవిరియగుచు కారులోని వేడిని గ్రహించి, మరల కంప్రెసరును చేరును. క్రొత్తకుండ చెమర్చి నీరు చల్లబడుటకును ఆవిరియగుటయే కారణము.

కావున గ్యాసు పెట్రోలువలె ఖర్చగునది కాదు. ఏటేట నింపవలసివచ్చిన, ఎచ్చటనో చిల్లి కలదని యర్థము. చిల్లి వెదకక నింపుట వృథావ్యయము. అంతేకాదు, ఓజోను పొరను చెఱచు ఆర్-12 గ్యాసును 1987 నాటి మాంట్రియల్ ఒడంబడిక తొలగింపగా, దాని స్థానమున కార్లలోనికి ఆర్-134ఏ వచ్చినది. ఇది ఓజోనును చెఱుపదు గాని, సమానమైన తూకపు బొగ్గుపులుసు వాయువుకంటె వేయిరెట్లకు మించి భూమిని వేడిచేయును.

రబ్బరు వాషరో, గొట్టమో, ఫ్యూజో చెడినచో దానిని మాత్రము మార్చిన చాలును. కంప్రెసరు లోపల అరిగి లోహపురజను వ్యాపించినచో, క్రొత్త కంప్రెసరు ఒక్కటే అమర్చరాదు. మిగిలిన రజను దానినిగూడ పాడుచేయును. అప్పుడు గొట్టములు కడిగించి, కండెన్సరును, డ్రయ్యరును సైతము మార్పింపవలెను. ఆ మొత్తము కారు విలువకును, అది ఇంక నడువగల కాలమునకును తగునా యని లెక్కించుకొనవలెను.

విద్యార్థులారా! ఇంటివారు కారును మరమ్మతుకు గొనిపోవునపుడు "చిల్లి ఎచ్చట నున్నది?" అని మొదట అడుగవలసినదిగా చెప్పుడు. ధర నడుగుట ఆ తరువాతి మాట.