చేతికాగితము: పరిశ్రమయా, కళయా?

మా యింటి పెట్టెలో రెండు పుస్తకములు చిరకాలముగాఁ బ్రక్కప్రక్కనే యున్నవి. ఒకటి మా ముత్తాతగారి తండ్రిగారు స్వహస్తమున వ్రాసికొనిన శబ్దరూపముల ప్రతి. రెండవది యంతకు నేఁబదియేండ్లకుఁ బిమ్మట ముద్రింపఁబడిన వ్యాకరణగ్రంథము. వయస్సునుబట్టి చూచినచో మొదటిది జీర్ణింపవలెను, రెండవది నిలువవలెను. జరిగినది విపర్యయము. వ్రాఁతప్రతి యంచులు నలిగినవే కాని పత్రములు నేఁటికిని మడఁతకు నిలుచుచున్నవి. అచ్చుపుస్తకమును నిరుడొక శిష్యునకుఁ జూపుటకై తెఱవఁగా సూత్రమున్న పుటయే వ్రేలిక్రింద విఱిగి పొడియైపోయినది. ఒంగోలున నైనను మఱియొకచోట నైనను బ్రాఁతపుస్తకములను దాఁచుకొనినవారిలో నీ యనుభవము లేనివా రరుదు. ఇది సిరాదోషము గాదు, చెదదోషమును గాదు. దోషము కాగితముననే కలదు. పాఠభేదములను గుఱించి యింతగా విచారించు మనము పాఠమునకు శరీరమైన కాగితమును గుఱించి విచారించుట తక్కువ. ఆ కొఱఁతను గొంత తీర్చుటయే యీ వ్యాసోద్దేశము.

ముందుగాఁ బదవిచారము. కాగితము, కాకితము అను రూపములు రెండును నిఘంటువుల కెక్కినవి. ఇది లాక్షణికు లన్యదేశ్యమని వ్యవహరించు జాతిలోనిది. పారసీకమున ‘కాగజ్’ అనియు, అరబ్బీలో ‘కాగద్’ అనియు నున్న పదము కన్నడమున ‘కాగద’యై, మన భాషలో మువర్ణకమును గ్రహించి కాగితమైనది. శ్రీనాథుఁడు భీమేశ్వరపురాణావతారికలో బెండపూడి అన్నయామాత్యుఁడు కాకితముమీఁదఁ బారసీకభాషను వ్రాయు నేర్పును బ్రశంసించినాఁడు. కావున 15వ శతాబ్ది పూర్వార్ధము నాఁటికే మన రాజకార్యములలోఁ గాగితము చొచ్చియుండె ననుట స్పష్టము. ఐనను గ్రంథలేఖనమునకుఁ దాటియాకును గంటమును, లెక్కలకుఁ గవిలెకట్టలును, గుడ్డకుఁ జింతగింజల జిగురును బొగ్గుపొడియుఁ బట్టించి మడఁచిన కడితములును జాలకాలము నిలిచినవి.

ఇఁకఁ గాగితమన నేమి? మొక్కల పోఁగులను దంచి, నీటిలో విడఁదీసి, జల్లెడపై నెత్తఁగా, నీరు దిగిన పిమ్మట నొండొంటితోఁ బెనవేసికొని మిగిలిన పలుచని పొరయే కాగితము. నేఁతలోఁ బడుగును బేకను నేఁతగాఁడు కలుపును. కాగితమునందుఁ బోఁగులను గలుపునది నీరు. చీనాదేశమున సా.శ. 105లోఁ జాయ్ లున్ అను రాజోద్యోగి చెట్టుపట్టతోను, జనుపనారతోను, బ్రాఁతగుడ్డలతోను, వలలతోను గాగితముఁ జేయు విధమును జక్రవర్తికి నివేదించెనని యా దేశచరిత్ర చెప్పుచున్నది. అంతకుఁ బూర్వపుఁ గాగితపుఁదునుకలును ద్రవ్వకములలో దొరకినవి.

చేతిపనిక్రమ మిది. ప్రాఁత నూలుగుడ్డల నేఱి, కుట్లు విప్పి, ముక్కలుగాఁ గోసి, సున్నపునీట నానవైచి దంచుదురు. దంపువలనఁ బోఁగు చీలి దాని మేన సన్నని నూఁగు లేచును. ఆ నూఁగే యాఱునప్పుడు ప్రక్కపోఁగును బట్టుకొనును. ఆ గుజ్జును దొట్టినీటఁ గలిపి, చట్రముగల జల్లెడను ముంచి యెత్తి, నీరు జాఱుచుండఁగానే నలువైపులకుఁ గదల్తురు. మన దేశపు జల్లెడ లోహపుఁదీఁగెలది గాదు. సన్నని గడ్డిపుల్లలను గుఱ్ఱపువెండ్రుకలతోఁ గూర్చిన చాప. ఆ చాపనుండి పొరను విడిపించి, యొకదానిపై నొకటి పేర్చి, బరువుపెట్టి నీరు పిండి, నున్నని గోడల కంటించి యాఱఁబెట్టుదురు. తరువాత గంజి పూసి, నునుపుఱాతితో రుద్ది మెఱుఁగుపెట్టుదురు. గంజి లేనిచో సిరా ప్రాఁకును, మెఱుఁగు లేనిచోఁ గలము తట్టుకొనును. 1937లో మన దేశమునకు వచ్చిన యమెరికా విద్వాంసుఁడు డార్డ్ హంటరు ఈ పద్ధతులను స్వయముగాఁ జూచి, 1939లోఁ దద్విషయకమైన గ్రంథమును వెలువరించినాఁడు.

పై క్రమములో ముఖ్యమైనది జల్లెడను గదల్చు చేయి. నలువైపులకుఁ గదల్చుటచేఁ బోఁగు లన్నిదిక్కులకును బఱచుకొనును. యంత్రమున జల్లెడ యెడతెగక యొకే దిక్కునకుఁ బరుగెత్తును. పోఁగులు నా దిక్కునకే వాలును. కావుననే వార్తాపత్రిక యొకవైపున సూటిగాఁ జినుఁగును, మఱియొకవైపున వంకరలు పోవును. పాఠకు లిప్పుడే చించి చూడవచ్చును.

అచ్చుపుస్తకము పొడియగుటకుఁ గారణ మింకను వేఱుగాఁ గలదు. 1798లో ఫ్రాన్సు దేశీయుఁడు లూయీ రొబేర్ కాగితపుయంత్రమును గల్పించెను. 1807లో జర్మనీయందు ఇల్లిగ్ అనునాతఁడు జంతుసంబంధమైన జిగురునకు మాఱుగా గుగ్గిలపుజిగురును బటికయు గుజ్జులోనే కలుపు మార్గమును బ్రకటించెను. 1844లోఁ గెల్లర్ అను జర్మనుఁడు కఱ్ఱను నూఱి గుజ్జుచేయు నుపాయమును గనిపెట్టెను. ఈ మూఁటివలనఁ గాగితము చౌకయై విద్య యిల్లిల్లు చేరినది; ఆ యుపకారమును మఱవరాదు. కాని ప్రత్తిపోఁగులో నూటికిఁ దొంబదిపాళ్లు శుద్ధమైన సెల్యులోజు కాఁగా, కఱ్ఱలో నది సగమునకుఁ దక్కువ. లిగ్నిన్ అను పదార్థము దానిఁ గలసియుండి, వెలుఁగు సోఁకఁగానే పసుపువన్నె దాల్చును. పటిక తేమతోఁ గూడి యామ్లమును బుట్టించి పోఁగులను లోలోనఁ దునుకలు చేయును. అమెరికాలో విలియమ్ బారో 1950ల దశాబ్దిలోఁ జేసిన పరీక్షలు దీనిని దృఢపఱచినవి. అట్లని చేతితోఁ జేసినంతమాత్రమునఁ గాగితము చిరంజీవి గాదు. పటిక పట్టించిన చేతికాగితమును జెడును. ప్రత్తిపోఁగు, సున్నము, గంజి, నిదానము అను నీ నాలుగును గూడినప్పుడే యది నిలుచును.

ఈ విద్య మన దేశమున నెట్లు బ్రదికినది? దౌలతాబాదు చేరువఁ గాగజీపుర మను గ్రామము తన వృత్తినే పేరుగాఁ దాల్చినది. మిల్లుకాగితపు పోటీచే నిట్టి గ్రామములు క్షీణించుచుండఁగా, 1934లో గాంధీమహాత్ముని ప్రేరణమున వార్ధాలో నేర్పడిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము జె. సి. కుమారప్పగారి నిర్వహణమునఁ జేతికాగితమును మరలఁ బైకెత్తెను. 1940లోఁ బూనాలో దీనికై యొక సంస్థ వెలసెను. నేఁడు జయపురము చెంతనున్న సాంగనేరున జాతీయసంస్థ కుమారప్పగారి పేరనే కలదు. వారి కృషి లేనిచో మనకుఁ జూడ నొక తొట్టియైన మిగిలియుండదు. కాని పరిశ్రమగాఁ జూచినంతకాల మీ వస్తువు మిల్లుకాగితపు ధరతోఁ దూఁగవలసినదే. ఆ తూనికలో నెన్నఁడును నెగ్గఁజాలదు. అందుచేతనే శుభలేఖలకును సంచులకును దిగిపోయినది. సంచికిఁ జాలిన నేర్పు గ్రంథమునకుఁ జాలదు.

దీనికి మఱియొక త్రోవ యున్నది. 1976లో న్యూయార్కునగరమున సూసన్ గోసిన్, బ్రూస్ వైన్‌బర్గు అను నిరువురు లాభాపేక్ష లేని యొక శిల్పశాలను స్థాపించిరి. దాని పేరు ‘డ్యూ డొనే’. ఫ్రెంచిభాషలో ‘దేవుఁడిచ్చిన’ యని యర్థము. మన వ్యాకరణోదాహరణములలో నిత్యము వచ్చిపోవు దేవదత్తుఁడే యక్కడఁ గాగితపుశాలయై వెలసినాఁడని వైయాకరణులు సంతోషింపవచ్చును. అక్కడఁ జిత్రకారుఁడు కాగితమును గొనిపోవుటకు రాఁడు. కాగితపుఁబనివానితోఁ గూడి తొట్టియొద్ద నిలిచి పనిచేయును. రంగుగుజ్జే వర్ణము, జల్లెడయే పలక. పని నేర్వఁదగిన యువకళాకారులకుఁ దొట్టియొద్ద నవకాశ మిచ్చు నేర్పాటును గలదు. దక్షిణాఫ్రికా చిత్రకారుఁడు విలియమ్ కెంట్రిడ్జి 2009లో నక్కడ నొక పుస్తకముఁ జేసెను. అందలి పుటలు చూపునకుఁ దెల్లనివి. వెలుఁగున కెత్తి పట్టినప్పుడే నీటిగుర్తులుగాఁ జిత్రములు కానవచ్చును. ఇట్టిపని యేయంత్రమునకును జెప్పి చేయింపరానిది.

ఇది పరదేశపు విలాసమే యనరాదు. 1943 నాఁటి వంగదేశపు క్షామమును గనులారఁ జూచిన సోమనాథ హోర్ 1970ల దశాబ్దిలోఁ దెల్లనిగుజ్జును సిమెంటు మూసలపై నొత్తి ‘గాయములు’ అను చిత్రావళిని నిర్మించెను. వానిలో సిరా లేదు, గీఁత లేదు. కాగితపు మేనే గాయపడినట్లుండును. 1975లో అమెరికా చిత్రకారుఁడు రౌషెన్‌బర్గు అహమ్మదాబాదునకు వచ్చి గాంధీ ఆశ్రమపుఁ గాగితశాలలోనే పనిచేసిపోయెను. గ్రామపరిశ్రమగా నిలిపిన తొట్టి కళకు నెట్లు పనికివచ్చునో యిది చూపుచున్నది.

దీనివలన సాహిత్యపరులకు నేమి యని యడుగుదురేని, సమాధాన మిది. జీర్ణపత్రములకు నతుకుపెట్టుటకు లోకమంతటను వాడు సన్నని పొడుగుపోఁగు కాగితము జపానువారు కోజో చెట్టుపట్టనుండి చేతితోఁ జేయునది. ఆ దేశమువారు 1968లో నబే ఐషిరో అను కాగితకారునకు జాతీయసంపద యను గౌరవ మిచ్చిరి. 2014లో యునెస్కో వారి కాగితవిద్యను మానవజాతి వారసత్వముగా నంగీకరించెను. వారు దానిని మొదటఁ గళగా మన్నించిరి. ఆ మన్నన వలననే గ్రంథచికిత్సకుఁ గావలసిన కాగితమును నేఁడు దొరకుచున్నది. మనము పరిశ్రమగా నెంచి ధర బేరమాడితిమి. మన గ్రంథముల యతుకునకుఁ బరదేశపుఁ గాగితమును గోరుచున్నాము.

ఒంగోలు ప్రాంతమున వస్తువునకుఁ గొఱఁత లేదు. నల్లరేగడినేల ప్రత్తి, చీరాల మగ్గములయొద్ద మిగులు తునుకలు, జనుము, గోగునార చేతికందునవే. కావలసినవి రెండు జల్లెడలు, నొక తొట్టి, యినుము లేని స్వచ్ఛజలము, వీనికంటె మిన్నగా లాభనష్టముల గణన మాని యొక నేర్పరిని పదియేండ్లు పోషింపఁగల సమాజము. ఒక పాఠశాల చిత్రలేఖనపుగదిలో నైనను దీని నారంభింపవచ్చును. అక్కడఁ దయారైన మొదటి మేలికాగితముపై నేను విఱిగిన నా వ్యాకరణపుటను దిరిగి వ్రాసికొందును. విజ్ఞులు విచారింతురు గాక.