పెరటి కోడి గుడ్డు సొన అంత పచ్చగా ఎందుకుంటుంది?

అమ్మమ్మ ఊళ్లో గుడ్డు పగలగొడితే సొన ముదురు పసుపు. పట్నంలో కొన్న గుడ్డుది చాలాసార్లు లేత పసుపు. ఎందుకు?

కారణం కోడి తిండే. ఆకుల్లో, గడ్డిలో, మొక్కజొన్నలో కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలుంటాయి. కోడి వాటిని సొంతంగా తయారు చేసుకోలేదు. తిన్నవే సొనలో చేరతాయి. అయితే రంగొక్కటే చూసి నమ్మకండి. దాణాలో బంతిపూల సారం కలిపినా సొన పచ్చబడుతుంది.

అందుకే అసలు అడగాల్సింది, ఆ కోడి ఎలా బతికిందని. కోళ్లఫారాల్లో చాలా పెట్టలు తీగల పంజరాల్లోనే ఉంటాయి. ఒక్కోదానికి దొరికే చోటు సాధారణంగా ఏ4 కాగితమంత కూడా ఉండదు. రెక్కలు చాపలేదు, మట్టిలో పొర్లి పేలు దులుపుకోలేదు, గుడ్డు పెట్టడానికి చాటైన మూల వెతుక్కోలేదు. ఇవన్నీ దానికి పుట్టుకతో వచ్చిన అవసరాలు. తలచుకుంటే నాకు బాధేస్తుంది.

పెరడుంటే రెండు మూడు పెట్టలు పెంచుకోవచ్చు. నూకలు, తవుడు, ఆకుకూరల తొడిమలు వేస్తే, పురుగులూ చెదలూ అవే ఏరుకుంటాయి. చీకటి పడేసరికి గూట్లో పెట్టి తలుపు వేయాలి, పిల్లీ ముంగిసా కాచుకునుంటాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే ‘వనరాజా’ రకాన్ని తయారుచేసింది. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది. వాటిని పొదిగినా పిల్లలు మాత్రం రావు.

అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారా? పాత బకెట్‌కు అడుగున చిల్లులు పెట్టి, మట్టి నింపి, మెంతులు చల్లండి. నాలుగు వారాల్లో పప్పులోకి కూర సిద్ధం. గుడ్లు మాత్రం, కోళ్లను బయట తిరగనిచ్చే దగ్గరి రైతు ఎవరున్నారో సంతలో అడిగి కొనండి.