ఆటస్థలం చుట్టూ గోడ

పుదుచ్చేరి పట్టణాన్ని ఒక కాలువ రెండుగా చీలుస్తుంది. సముద్రం వైపున ఫ్రెంచివారు కట్టుకున్న భవనాలు: వీధి వెంట ఎత్తైన గోడలు, వాటి వెనుక ఎవరికీ కనిపించని తోటలు. కాలువకు పడమట తమిళుల ఇళ్లు: దారిన పోయేవాడు సైతం కాసేపు కూర్చోదగిన అరుగులు. గోడ మేలా, అరుగు మేలా అన్న వివాదం ఈ ఊరి కట్టడాలలోనే ఉంది. బడిపిల్లల ఆటస్థలానికి కంచె అవసరమా అని తల్లిదండ్రులు తర్కించుకునేటప్పుడు తలెత్తేదీ ఆ ప్రశ్నే.

చట్టం తన మాట ఎప్పుడో చెప్పింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టపు షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని ఉంది. ఆ వెంటనే, ప్రహరీ గోడతో గాని కంచెతో గాని బడి భవనానికి రక్షణ కల్పించాలనీ ఉంది. అదే జాబితాలో కాస్త పైన, అడ్డంకులు లేని ప్రవేశం ఉండాలన్న నియమమూ కనిపిస్తుంది. గోడ ఎంత ఎత్తుండాలో, దేనితో కట్టాలో మాత్రం షెడ్యూలు చెప్పదు. వాదానికి చోటు అక్కడే దొరికింది.

గోడ కావాలనేవారి భయం కల్పితం కాదు. సెలవు దినాలలో అద్దె స్కూటర్లపై తిరిగే పర్యాటకులతో పుదుచ్చేరి ఇరుకు వీధులు నిండిపోతాయి. బంతి వెంట పరుగెత్తే పిల్లవాడు రోడ్డును చూడడు. దీనికి తోడు 2024 మార్చిలో, ఇంటి దగ్గర ఆడుకుంటూ కనిపించకుండా పోయిన ఒక బాలిక హత్యకు గురికావడంతో పట్టణం అట్టుడికింది. ఆ సమయాన ఆ బాలిక బడిలో లేదు. అరెస్టయినవారు ఆ పరిసరాలవారే. ఏ బడి గోడా ఆ ఘాతుకాన్ని ఆపగలిగేది కాదు. కాని ఆ మాట చెప్పి ఏ తల్లిని ఊరడించగలం?

గోడ వద్దనేవారు కుంభకోణాన్ని గుర్తుచేస్తారు. 2004 జూలై 16న అక్కడి పాఠశాలలో వంటగది నిప్పు తాటాకు కప్పుకు అంటుకోగా 94 మంది పిల్లలు ఆహుతి అయ్యారు. బయటపడడానికి ఉన్నది ఒకే ఇరుకు మెట్లదారి. అది భవనం కథే గాని ఆటస్థలం కథ కాదు, నిజమే. అయినా పిల్లలను లోపల ఉంచేటప్పుడు వారు బయటికి ఎలా రాగలరో ముందుగా చూసుకోవాలన్న పాఠం గేటుకూ వర్తిస్తుంది. బడుల భద్రతపై సుప్రీంకోర్టు 2009లో ఇచ్చిన తీర్పుకు నేపథ్యం ఈ దుర్ఘటనే.

కంచె లేని ఆటస్థలాలు మరెక్కడా లేవా? ఆమ్‌స్టర్‌డాం నగరంలో 1947 నుంచి వాస్తుశిల్పి ఆల్డో వాన్ ఐక్ 700కు పైగా ఆటస్థలాలను రూపొందించాడు. ఇసుక గుంటలు, ఇనుప కమానులు, కూర్చోవడానికి బెంచీలు. చుట్టూ కంచె మాత్రం లేదు. ఎదుటి కిటికీల నుంచి చూసే పెద్దల కళ్లే కాపలా. అయితే అప్పటి వీధుల్లో మోటారు కార్లు బహు తక్కువ. ఆ ఆటస్థలాలలో నేడు మిగిలినవీ కొద్దే. కార్లు లేని ఊరి ఉపాయాన్ని స్కూటర్ల ఊరికి ఉన్నదున్నట్లు తేవడం తెలివైన పని అనిపించుకోదు.

అంత దూరం పోనక్కరలేదు కూడా. పుదుచ్చేరి సముద్రతీరపు రోడ్డుపై సాయంత్రం 6 గంటల నుంచి మరునాటి ఉదయం 7.30 వరకు వాహనాలకు ప్రవేశం లేదు. ఆ వేళల్లో పసివాళ్లు నడివీధిలో పరుగులు తీస్తారు. అక్కడ కంచె వేసింది పిల్లలకు కాదు, బండ్లకు. బడి విడిచే అరగంటా చుట్టుపక్కల వీధులలో ఈ పద్ధతినే పాటించమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

తెలుగు పల్లెల్లో ఈ చర్చకు మరో ముఖం ఉంది. పుదుచ్చేరి పాలనలోనే ఉన్న యానాం చుట్టూ పరచుకున్న ఆంధ్రప్రదేశ్‌లో, 2019 నవంబరులో ఆరంభమైన 'నాడు-నేడు' పథకం పనులలో ప్రహరీ గోడ ఒకటి. పల్లెలో గోడ కాపాడేది పిల్లవాడికంటే ముందు స్థలాన్నే. హద్దు లేని బడి నేలలోకి పశువులు వస్తాయి, రాత్రివేళ తాగుబోతులు చేరతారు, పక్క ఆసామీ గట్టు ఏటా ఒక అడుగు లోపలికి జరుగుతుంది. ఆటస్థలమే మిగలనప్పుడు దాని భద్రతను గురించి చర్చ దేనికి?

నిండు గోడకూ ఇనుప జాలీకీ తేడా ఉంది. జాలీ అయితే బంతి ఆగుతుంది, చూపు ఆగదు. లోపల ఏదైనా జరిగితే వీధిలోవారికి తెలుస్తుంది. గేట్లు రెండుంటే ఒకటి మూసుకుపోయినా మరో దారి ఉంటుంది. ఇంతవరకు ఇరుపక్షాలూ సమ్మతించవచ్చు. చిక్కంతా బడి వదిలాక. సాయంత్రం గేటుకు తాళం పడితే, వేరే మైదానం లేని పేటలోని పిల్లలు బ్యాటూ బంతీ పట్టుకుని స్కూటర్లు తిరిగే ఆ వీధిలోకే వస్తారు. చీకటి పడేదాకా గేటు తెరిచి ఉంచాలంటే ఒక కాపలాదారు కావాలి, అతనికి జీతం కావాలి. ఆ జీతం ఎవరిస్తారన్నది ఇంకా తేలలేదు.